దొరికిందని రాసిన పిల్ల

మా అక్క కూతురు అరసవల్లిలో తప్పిపోయేనాటికి దానికి ఆరేళ్ళు. మాట సరిగా వచ్చేది కాదు. భయపడితే వచ్చిన ఆ నాలుగు మాటలు కూడా నోట్లోనే ఉండిపోయేవి. ఆదివారం రద్దీలో, గుడి బయట చెప్పులు విడిచేచోట అక్క చెయ్యి విడిపించుకుంది. మళ్ళీ కనిపించలేదు.

అక్కావాళ్ళది భావనపాడు. బావ గుజరాత్ బోట్ల మీద వేటకు వెళ్తే, అక్క చేపల బుట్టతో ఊళ్ళు తిరిగేది. నేను శ్రీకాకుళంలో నెట్ సెంటర్ నడుపుతున్నాను కనుక కంప్యూటర్లో వెతికే పని నా మీద పడింది.

ఫిర్యాదు తీసుకున్న పోలీసులు, తప్పిపోయిన పిల్లల వెబ్‌సైట్లో వివరాలు పెట్టామన్నారు. తెరిచి చూస్తే వయసు పదహారని ఉంది. ఫొటో లేదు. స్టేషన్‌కి వెళ్ళి చెప్పాను. కంప్యూటర్ ముందున్న కానిస్టేబుల్ తల తిప్పకుండానే, "ఒకసారి ఎక్కిపోతే మా సేతిలో ఉండదు బాబూ. పైనుంచి మార్సాల" అన్నాడు. పైన ఎవరో అతనికీ తెలియదు. పదహారేళ్ళ పిల్ల కనబడలేదంటే ఎవరితోనో వెళ్ళిపోయిందనుకుంటారు గాని ఎవరు వెతుకుతారు?

మరుసటి ఏడు చలికాలంలో ఒక పొద్దున అదే పేజీలో, పేరు పక్కన 'ఆచూకీ లభించింది' అని కనిపించింది. అక్కకు ఫోన్ చేశాను. అక్క బావకు చేసింది. బావ ఆ రోజు గుజరాత్‌లో ఒడ్డునే ఉన్నాడు. పని వదిలేసి రైలెక్కాడు.

నేనూ అక్కా స్టేషన్‌కి పరిగెత్తాం.

"మా పిల్లని ఎక్కడుంచినారు బాబూ?" అని అడిగింది అక్క.

కానిస్టేబుల్ కాసేపు కాగితాలు తిరగేశాడు. "దొరకలేదమ్మా. పాత కేసులు పేరుకుపోయాయని ముగించమన్నారు. ముగించాలంటే అలాగే పెట్టాల" అన్నాడు.

అక్క అతన్ని తిట్టలేదు. బయటికి వచ్చి మెట్ల మీద కూలబడి, "మీ బావకి ఏటి సెప్పను తమ్మూ?" అంది. బావ రైలు దిగినప్పుడు అతని చేతిలో కొత్త గౌను ఉంది.

తప్పిపోయిన పిల్లల పేజీలు వేరు, దొరికిన పిల్లల పేజీలు వేరు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసే నాథుడు లేడు. గిరాకీ లేని వేళల్లో నేను చూసేవాణ్ణి. అలా చూస్తుండగానే ఒడిశా బరంపురంలోని ఒక పిల్లల హోమ్ పేజీలో దాని ముఖం కనిపించింది. కనుబొమ మీద పొయ్యి దగ్గర కాలిన మచ్చ ఉంది. కింద ఏదో ఒరియా పేరు. వయసు నాలుగు. భాష ఒరియా. రైల్లో దొరికిందని రాశారు. ఆ అరసవల్లి ఆదివారం తర్వాత వారమే దొరికింది. అంటే మేము ఏడ్చిన కాలమంతా అది అక్కడే ఉంది.

ముగ్గురం వెళ్ళాం. హోమ్ అధికారికి తెలుగు వచ్చు. మా కేసు కంప్యూటర్లో చూసి, "మీ పిల్ల దొరికిపోయిందని మీ పోలీసులే పెట్టారు. మరి ఈ పిల్ల మీదెలా అవుతుంది?" అన్నాడు.

"మా పిల్ల ఇదే. అప్పుడు దొరికినాదెవరో ఆళ్ళనే అడగండి" అంది అక్క.

అప్పుడు దొరకలేదని పోలీసులు కాగితం ఇస్తే గాని పిల్లను ఇవ్వనన్నాడు. తమ తప్పు మీద సంతకం పెట్టేందుకు మా స్టేషన్‌లో ఒక్కరూ ముందుకు రాలేదు. వేసవంతా తిరిగాం. పిల్లను చూసి వచ్చిన ప్రతిసారీ అక్క రెండు రోజులు అన్నం ముట్టేది కాదు.

చివరికి ఆ కాగితం చేతికొచ్చాక ఇంటికి తెచ్చుకున్నాం. ఇప్పుడు దానికి మాటలు బాగానే వచ్చాయి, కానీ అన్నీ ఒరియాలోనే. దాహం వేస్తే 'పాణి' అంటుంది. తల్లి ఒళ్ళోకి రమ్మంటే బావ వెనక్కి పోయి నిలబడుతుంది. వీధిలోని ఒరియా కోడలి దగ్గర కూర్చుని మా అక్క ఆ మాటలు నేర్చుకుంటోంది, సొంత కూతురితో మాట్లాడడానికి.

హోమ్ పేజీలో దాని ఫొటో కింద తల్లిదండ్రులు తెలియరాలేదని ఇంకా ఉంది. తీసేయమని చాలాసార్లు రాశాను. జవాబు లేదు.