ఇత్తడి పిన్ను తీసిన చోట

పన్నెండేళ్లుగా ఒక అబద్ధం నా మీద బరువుగా ఉంది. దాన్ని అందరూ నమ్మారు. నమ్మినవాళ్లలో మస్తాన్ ఒకడు. అతను పోయిన నెల చనిపోయాడు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. అతను బతికి ఉండగా ఎందుకు చెప్పలేదని మీరు అడుగుతారు. నేనూ అదే అడుగుతున్నాను.

అప్పట్లో నేను కర్నూలులో ఒక రాతి గుత్తేదారు దగ్గర రైటరును. ఆనకట్టకు ఎగువన తుంగభద్ర దాటడానికి ఆయన ఒక మోటారు పడవ కొన్నాడు. మోటారు చూసుకునే మిస్త్రీ మస్తాన్. అతనికి చదువు రాదు. మోటారుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని నేనే తెలుగులో చదివి వినిపించాను. నీళ్లలో తిరిగే రెక్కలను ఇరుసుకు పట్టి ఉంచేది ఒక చిన్న ఇత్తడి పిన్ను. రెక్కలు బండకు తగిలితే ఆ పిన్ను విరగాలి. అది విరిగితేనే లోపలి పళ్లచక్రాలు బతుకుతాయి. ఐదు నిమిషాల్లో మరో పిన్ను వేసుకోవచ్చు. ఈ సంగతి మస్తాన్‌కు చెప్పింది నేను.

సెలవు రోజుల్లో మస్తాన్ తమ్ముడు ఖాసింతో ఆ పడవలోనే చేపలకు వెళ్లేవాడిని. వల విసరడంలో అతనిది మంచి చెయ్యి. నదిలో ఎక్కడ చూసినా బండలే. వెళ్లిన ప్రతిసారీ పిన్ను విరిగేది. నేను కొత్తది వేస్తూ ఉంటే ఖాసిం ఒడ్డున ఉన్న తమ గుండ్రటి బుట్టపడవను చూపి నవ్వేవాడు.

"ఏం రైటరప్పా, మోటారుకు మళ్లా జబ్బు సేసిందా? మా పుట్టి సూడు, దానికి పిన్నూ లేదు, గిన్నూ లేదు!"

ఒడ్డున బట్టలుతికేవాళ్లు కూడా నవ్వేవారు. అంత చిన్న నవ్వుకు మనిషి ఏం చేస్తాడు?

ఒక సెలవు రోజు పొద్దున ఖాసిం వల తేవడానికి వెళ్లినప్పుడు, ఇత్తడి పిన్ను తీసి ఆ చోట ఇనుప మేకు కొట్టాను. ముందురోజే మస్తాన్ మోటారంతా విప్పి, కడిగి, బిగించి పెట్టాడు.

నదికి కొత్త నీరు వచ్చింది. ఆనకట్ట మీద మోకాలి లోతున పొర్లుతోంది. ఎగువన రెండు వాలుగ చేపలు పడ్డాయి. తిరిగి వస్తుండగా బండ తగిలింది. మేకు విరగలేదు. లోపల ఏదో నలిగిన చప్పుడయింది. ఇంజను తిరుగుతూనే ఉంది, రెక్కలు మాత్రం కదలడం లేదు. తెడ్లు వేశాం. ఆ లాగుడుకు తెడ్లు చాలలేదు. ఖాసిం నడుముకు తాడు కట్టుకుని దూకాడు. ఒక బండ దాకా ఈది, తాడు విప్పి దానికి చుట్టాడు. పడవ నిలిచింది. అతని కాలు జారింది. ఆనకట్ట అంచు దగ్గర తల ఒకసారి కనిపించింది.

ఇక్కడి నుంచి రాయడం కష్టం. నేను వెంటనే అరవలేదు. మోటారును పైకి లేపి, వంగిపోయిన మేకును సుత్తితో కొట్టి తీసి, నీళ్లలో వేసి, జేబులోని ఇత్తడి పిన్నును మళ్లీ ఆ చోట పెట్టాను. ఆ తరువాత అరిచాను. దిగువన పుట్టివాళ్లు ఉన్నారు. ముందే అరిచి ఉంటే వాళ్లు ఖాసింను అందుకునేవారా? తెలియదు. తెలియదని రాయడంలో కూడా నేను తప్పించుకోవడానికి ఒక సందు ఉంచుకుంటున్నానేమో.

మూడో రోజు శవం దొరికింది. గుత్తేదారు మోటారు విప్పించాడు. పళ్లచక్రాలు ముక్కలై ఉన్నాయి. మస్తాన్ సరిగా కూర్చలేదన్నారు. నన్ను అడిగితే, బండ ఏదీ తగల్లేదనీ, మోటారు దానంతట అదే ఆగిపోయిందనీ చెప్పాను. మస్తాన్ పని పోయింది.

నెల తరువాత అతను మా ఇంటికి వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు.

"రైటరప్పా, నువ్వు సదువుకున్నోడివి. ఆ బుక్కు నాకు సదివి సెప్పినోడివి. నిజం సెప్పు. నా సెయ్యి తప్పిందా?"

"లోపలికి రా మస్తానప్పా, కూర్చో."

"కూసోను. సక్కంగా బిగించినట్టే ఉండాది. మళ్లా తలుసుకుంటే, లేదేమో అనిపిస్తాంది. మా అమ్మ నాతో మాట్లాడ్డం ల్యా. నా తమ్మున్ని నేనే సంపుకున్నానా?"

అప్పుడు చెప్పాల్సింది. చెప్పడానికే నోరు తెరిచాను. వచ్చిన మాట వేరు.

"ఎవరి చెయ్యయినా ఒకసారి తప్పుతాది. నువ్వేమన్నా కావాలని చేసినావా? మనసులో పెట్టుకోవద్దప్పా."

అతను నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. ఏ తప్పూ చేయనివాడిని నేను క్షమించాను. మేకు కొట్టడం అహంకారం. దాన్ని పారేయడం భయం. ఇలా క్షమించడానికి మాత్రం నాకు ఇప్పటికీ పేరు దొరకలేదు.

మస్తాన్ మళ్లీ ఏ మోటారునూ ముట్టలేదు. పత్తికొండ నుంచి వచ్చే బండ్ల దగ్గర చివరిదాకా మూటలు మోశాడు. జనాజా వెంట నేనూ నడిచాను. గుప్పెడు మట్టి వేశాను. ఆ ఇంటికి ఎంత మంచి స్నేహితుడో అని పక్కవాళ్లు నా గురించి అనుకోవడం వినిపించింది.

వాళ్ల అమ్మ ఇంకా ఉంది. కళ్లు కనిపించవు. పెద్దకొడుకు శవం దగ్గర కూడా ఆమె ఏడవలేదట. ఇది ఆమెకు చదివి వినిపించాలి. వినిపించాల్సింది నేనే. వెళ్తానని మాత్రం రాయను. నా మాట మీద నాకు నమ్మకం లేదు.

మస్తాన్ ఆ మోటారును సరిగానే బిగించాడు. పాడు చేసింది నేను. ఈ రెండు వాక్యాలు రాశాక ఊపిరి కాస్త సులువుగా ఆడుతోంది. ఈ సులువు అతనికి పన్నెండేళ్లలో ఒక్క పూట కూడా దక్కలేదు.