ముల్లు లేవని రోజు

మిడిల్ పాయింట్‌లో జ్ఞానయ్య షెడ్డు ఎక్కడని అడిగితే ఎవరూ సరిగ్గా దారి చెప్పరు. "బోనెట్ ఎత్తిన కార్లు కనబడేదాకా పోండి" అంటారు, అంతే. మా పోర్ట్‌బ్లెయిర్‌లో కార్లకు ముసలితనం తొందరగా వస్తుంది. ఉప్పుగాలి రేకును తినేస్తుంది. వాన ఏడాదిలో సగానికి పైగా మమ్మల్ని వదలదు. చిన్న రబ్బరు ముక్క కావాలన్నా మద్రాసు నుంచి ఓడ రావాలి. ఓడ వచ్చేదాకా బండి నడవాలంటే జ్ఞానయ్య లాంటి మనిషి ఉండాలి.

ఆయన తండ్రి భీమిలి వైపు నుంచి కలప మిల్లులో కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. జ్ఞానయ్య ఇక్కడే పుట్టాడు, లారీల వర్క్‌షాపులో పని నేర్చాడు, సొంత షెడ్డు వేసి ముప్పై ఏళ్లు దాటింది. భార్య ఫేబే తెలుగు చర్చిలో పాట ఎత్తుకుంటే వెనక బెంచీలదాకా వినబడుతుంది. ఈయన ఆ వెనక బెంచీలోనే కూర్చుని పెదవులు మాత్రం కదుపుతాడు.

బండి తీసుకెళ్లినవాడు రోగం చెప్పబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టేవాడు. "నువ్వు సెప్పకు. దాన్ని సెప్పనీ." ఇంజిన్ ఆన్ చేయించి మొదట బండి వెనక్కి వెళ్లి పొగ చూసేవాడు. నీలం పొగ అయితే ఆయిల్ కాలుతోందని, నల్ల పొగ అయితే పెట్రోలు ఎక్కువ తాగుతోందని, తెల్ల పొగ ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకపోతే నీళ్లు లోపలికి దిగుతున్నాయని అర్థం. తరువాత పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. ఒక బ్యాంకు ఆఫీసరు బండి స్టార్ట్ కావడం లేదని వరసగా రెండు కొత్త బ్యాటరీలు కొన్నాడు. జ్ఞానయ్య వాటిని ముట్టుకోలేదు. తుప్పుపట్టిన ఎర్త్ వైరు విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది, మళ్లీ బిగించి పంపేశాడు. మా వీధి గణేశ్వరరావు గారైతే గేర్‌బాక్సు పోయిందని ఇంటిల్లిపాదికీ నిద్రలేకుండా చేశారు. చూస్తే డిక్కీలో కొబ్బరికాయ దొర్లుతోంది. ఆ కాయ కొట్టి మా అందరికీ పెట్టాడు జ్ఞానయ్య.

ఇదంతా నాకెలా తెలుసంటే, నాది తొంభై ఎనిమిది మోడల్ చిన్న తెల్ల కారు. నెలకోసారైనా ఆ షెడ్డు గడప తొక్కేవాణ్ణి. నా పేరు తిరుమలరావు. ఫీనిక్స్ బేలో ఓడ టికెట్ల కౌంటర్ వెనక ఇరవై ఆరేళ్లుగా కూర్చుంటున్నాను. అందరూ ఒకేసారి అరుస్తుంటే సగం విని జవాబు చెప్పడం అక్కడ అలవాటైంది. నాకు ఓపిక తక్కువని మా ఆవిడ పద్మిని అంటుంది. ఆవిడ తప్పు చెప్పదు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మా నాన్న ఇక్కడి తెలుగు బడిలో మాస్టారు. ఇంట్లో హిందీ ముక్క దొర్లితే చెవి మెలిపెట్టేవాడు. అందుకే నేను ఈనాటికీ నీళ్లను నీళ్లనే అంటాను. ద్వీపంలో నాలాంటివాళ్లు కొద్దిమందే. జ్ఞానయ్య షెడ్డుకు బెంగాలీలు, తమిళులు, మలయాళీలు, రాంచీవాళ్లు వస్తారు. అక్కడ నడిచేది హిందీ. రేడియేటర్లో ఉండేది పానీ. తెలుగు మాట్లాడేటప్పుడు కూడా ఆయన నోట పానీయే వస్తుంది.

రెండేళ్ల కిందట ఆగస్టులో నా కారు కింద తడి కనబడింది. రేడియేటర్ నుంచి ఇంజిన్‌కు నీళ్లు తీసుకెళ్లే రబ్బరు గొట్టం పగిలింది. శుక్రవారం సాయంత్రం జ్ఞానయ్యకు అప్పగించాను. కొత్త గొట్టం బిగించాక ఆయన రేడియేటర్ అడుగున తూము విప్పి వదిలాడు. ఎర్రగా తుప్పునీళ్లు కారాయి.

"రాత్రంతా ఇలాగే ఒగ్గేస్తాను తిరుమల్. ఈ తుప్పు పానీ మొత్తం దిగిపోవాల. రేపు సూద్దాం" అన్నాడు.

శనివారం ఉదయం తొమ్మిదింటికి, పాతిక కిలోమీటర్ల అవతలున్న వండూర్ నుంచి మా చెల్లెలు కనకలక్ష్మి ఫోన్ చేసింది. మా అమ్మ కామమ్మ నాలుగు రోజుల కోసం వాళ్లింటికి వెళ్లి ఉంది. ఛాతీలో నొప్పి, ఒళ్లంతా చెమటలు అంది చెల్లెలు. "పక్కింటివాళ్ల జీపు ఉందన్నయ్యా, ఎక్కించమంటావా?" అని అడిగింది. ఆ జీపులో వెనక బల్ల మీద కుదుపులు పడుతూ రావాలి. "వద్దు, నేనే కారు తెస్తున్నాను" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

షెడ్డుకు పరుగెత్తాను. కారు రోడ్డు వైపు తిప్పి ఉంది, బోనెట్ మూసి ఉంది, తాళంచెవి బండికే ఉంది, జ్ఞానయ్య లేడు. ఆయన చర్చిలో ఒక ముసలాయన చావు ప్రార్థనకు వెళ్లాడని పక్క కొట్లో చెప్పారు. ఫోన్ చేశాను. వెనక పాట వినబడుతోంది.

"అన్నా, పని అయిపోయిందా?"

"ఆఁ, అయిపోనాది. పూర్తిగా అయిపోనాది. ఇంక..."

ఇంకేదో అంటున్నాడు. నేను ఫోన్ పెట్టేసి కారెక్కాను.

నేను అడిగింది పని గురించి. ఆయనకు వినబడింది పానీ. తుప్పునీళ్లు దిగిపోయాయా అని అడిగాననుకున్నాడు. దిగిపోయాయని చెప్పాడు. రేడియేటర్లో చుక్క నీరు లేదు.

దారిలో నేను మీటర్ చూడలేదని తరువాత అందరూ అన్నారు. చూశాను. మూడుసార్లు చూశాను. వేడి చూపే ముల్లు అడుగునే పడుకుని ఉంది. బోనెట్ నుంచి ఆవిరి కూడా రాలేదు. దారిలో మంగ్లుటాన్ ఊరు ఇంకా రాకముందే యాక్సిలరేటర్ తొక్కినా బండి లాగడం మానేసింది. ఇనుము ఇనుముతో ఒరుసుకునే శబ్దం వచ్చింది. కాలిన వాసన కొట్టింది. తరువాత ఇంజిన్ బిగుసుకుపోయింది.

ఆ మలుపులో ఫోన్‌కు సిగ్నల్ లేదు. అటుగా వచ్చిన టూరిస్టు వ్యాను ఆపి, ఎక్కి, వండూర్ చేరేసరికి గంటా పది నిమిషాలు పోయాయి. అమ్మ వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉంది. అప్పటికీ జీపు ఎక్కనంటోందట. "నా కొడుకు వస్తున్నాడు కదే" అంటోందట. చివరికి ఆ జీపులోనే ఆసుపత్రికి తీసుకెళ్లాం. మధ్యాహ్నం రెండింటికి అమ్మ పోయింది. గంట ముందు తెస్తే ఏమయ్యేదని నేను డాక్టరును అడిగాను. ఆయన నా ముఖం చూసి, చెప్పలేమన్నాడు. ఆయన దయతో అన్న మాట అది. నేను దాన్ని నాకు కావలసినట్టు, అంటే నన్ను చంపేటట్టు, అర్థం చేసుకున్నాను.

"మీటర్ చూసుకోవద్దా బావా?" అన్నాడు మా చెల్లెలి మొగుడు అసిరయ్య. ముల్లు లేవలేదని చెబితే జాలిగా చూశాడు. ఇంజిన్ కాలిపోయేంత వేడిలో ముల్లు లేవకపోవడమేమిటని టీకొట్టు దగ్గర డ్రైవర్లు కూడా అన్నారు. అమ్మ మీద దిగులుతో చూసి ఉండవన్నారు. పదిమంది అదే మాట అనేసరికి నా కళ్ల మీద నాకే నమ్మకం పోయింది. అమ్మను నా పరాకే చంపిందని తేల్చుకున్నాను. ఏడుపు రాలేదు. ఏడిచే హక్కు లేదనిపించింది. కారును ఎవరో లాక్కొచ్చి జ్ఞానయ్య షెడ్డులో పెట్టారు. నేను అటువైపు వెళ్లలేదు.

పన్నెండో రోజు జ్ఞానయ్య మా ఇంటికి వచ్చాడు. గుమ్మం బయట బెంచీ మీద కూర్చున్నాడు. విస్తరి వేశాం రమ్మంటే, వెళ్లొస్తానని అక్కణ్ణుంచే వెళ్లిపోయాడు.

అమ్మ పోయిన నలభై మూడో రోజున నా కౌంటర్ ముందు హేవ్‌లాక్ ఓడకు పెద్ద వరస ఉంది. ముఖం ఎత్తకుండా "ఎంతమంది?" అన్నాను.  తలెత్తి చూస్తే జ్ఞానయ్య. గంటన్నర వరసలో నిలబడి వచ్చాడట. పక్కనుంచి పిలవొచ్చు కదా, పిలవలేదు.

"ఎక్కడికన్నా?"

"ఎక్కడికీ కాదు. నీతో ఒక మాట."

వెనక జనం అరుస్తున్నారు. పక్క సీటు ఉద్యోగిని నా చోట కూర్చోమని బయటికి వచ్చాను. జెట్టీ గోడ దగ్గర ఆయన నా ముఖం చూడకుండా చెప్పాడు.

"నువ్వు సూసింది సచ్, తిరుమల్. ముల్లు లేవదు. దానికి వేడి సెప్పే మొల పానీలో మునిగుంటాది. పానీయే లేకపోతే దానికేటి తెలుస్తాది? ఇంజిన్ ఇప్పి సూసినాను. నాను బిగించిన కొత్త హోసు గొట్టం లోపల కంపెనీవోళ్లు ఏసిన పౌడరు అలాగే ఉంది. ఒక్క సుక్క తగల్లేదు. నువ్వు పని అన్నావు, నాను పానీ అనుకున్నాను. పానీ ఖాళీ చేసిన ప్రతి బండికీ అద్దం మీద సుద్దతో రాసేవోణ్ణి. ఆ రోజు చావు ప్రార్థనకి టైమైపోతందని రాయనేదు. గల్తీ నాది. నీది కాదు."

ముందు నాకు ఒళ్లు తేలికైంది. అబద్ధం ఎందుకు చెప్పాలి? అమ్మ పోయిన నలభై మూడు రోజులకు మొదటిసారి ఊపిరి నిండుగా పీల్చాను. ఆ వెంటనే ఒళ్లు మండిపోయింది.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"డర్ తిరుమల్. భయమేసింది."

"నీ ముఖం నాకు చూపించకు" అని లోపలికి వచ్చేశాను. ఆ రోజు సాయంత్రం అసిరయ్యకు ఫోన్ చేసి, తప్పు జ్ఞానయ్యదేనట అని చెప్పాను. చెల్లెలికి చెప్పాను. టీకొట్టులో చెప్పాను. నేను మోసిన బరువు ఇంకొకడి మీదకి దించడంలో నాకు సిగ్గు వెయ్యలేదు, సుఖంగా ఉంది. ఫోన్ మధ్యలో పెట్టేసిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. పద్మినికి కూడా.

నెల తిరిగేలోపు షెడ్డు ముందు కార్లు తగ్గాయి. జనం మానేశారనుకున్నాను. ఒకరోజు బజార్లో ఫేబే ఎదురైంది. తప్పించుకుందామనుకుంటే ఆవిడే ఆగింది.

"ఆయనే ఎవరి బండీ ముట్టుకోడం లేదు బాబూ" అంది. "చర్చిలో అందరి ముందూ నిలబడి తన వల్ల ఒక తల్లి పోయిందని చెప్పేశారు. వచ్చినోళ్లని ఎనక్కి పంపేస్తన్నారు. నీ బండి ఇంజిన్ ఒక్కటే ముందరేసుకుని కూర్చుంటారు. చెవులు పనిచెయ్యడం లేదు, ఇంక ఏ ఇంజినూ వినలేనంటారు. చెవులకేం కాలేదు బాబూ. డాక్టరుకి చూపించాం."

ఆవిడ నన్ను నిందించలేదు. అదే నాకు కష్టమైంది. ఆ రాత్రి, మరునాడు కూడా, నా చెవిలో ఒకటే మాట తిరిగింది. "ఇంక..." అన్నాడు ఆయన. ఇంకొక్క క్షణం ఆగి ఉంటే ఏం వినేవాణ్ణో నాకు తెలియదు. ఆగలేదు. నేను మధ్యలో ఫోన్ పెట్టేశానని జ్ఞానయ్యకు తెలియదనీ, అందుకే తప్పంతా నెత్తిన వేసుకున్నాడనీ అనుకున్నాను. నన్ను బతికించే నిజం ఆయన గంటన్నర నిలబడి తెచ్చి ఇచ్చాడు. ఆయన్ను బతికించే నిజం నేను జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

ఆదివారం మధ్యాహ్నం షెడ్డుకు వెళ్లాను. నా ఇంజిన్ బల్ల మీద ఉంది. కొత్త పిస్టన్లు ఓడలో వచ్చినట్టున్నాయి, ఒకటి చేతిలో పట్టుకుని రింగు ఎక్కిస్తున్నాడు. మనిషి సగమైపోయాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, నేను కొడతానేమో అన్నట్టు.

"అన్నా, ఆ రోజు నువ్వు మాట్లాడుతుండగానే నేను ఫోన్ పెట్టేశాను. నీ మాట పూర్తిగా వినలేదు. ఇన్నాళ్లూ దాచాను" అన్నాను.

జ్ఞానయ్య పిస్టన్‌ను గుడ్డ మీద నెమ్మదిగా పెట్టాడు.

"తెలుసు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"ఇంక మంచి పానీ పోసి నానే తెస్తాను, ఆగు అందామనుకున్నాను. ఇంక అనీసరికి లైన్ కట్టయిపోనాది. మళ్లీ నానే ఫోన్ చెయ్యాల్సింది. ప్రార్థన మొదలైపోనాదని చెయ్యనేదు."

"తెలిసి మరి, అందరికీ నీ తప్పేనని ఎందుకు చెప్పావన్నా? జెట్టీ దగ్గర నాకైనా ఆ మాట అనలేదే?"

"అమ్మని పోగొట్టుకుని ఉన్నావు" అన్నాడు. "ఆ ముక్క కూడా నీకెందుకులే అనుకున్నాను."

 ఆ నూనె మరకల నేల మీదే కూలబడ్డాను. మా అమ్మ కోసం నేను మొదటిసారి ఏడ్చింది అక్కడే. చిన్నపిల్లాడిలా, గొంతెత్తి, అమ్మా అని ఏడ్చాను. జ్ఞానయ్య వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. నా భుజం మీద చెయ్యి వెయ్యబోయి, చేతినిండా గ్రీజు ఉందని ఆగిపోయాడు.

వెయ్యమన్నాను.