తడవని అగ్గిపెట్టె

ఇంజినీరైన కోడలు ఇంటికొచ్చి కొంగు దులిపితే రంపపు పొట్టు రాలుతుంది. నదిలో బండరాళ్లు దించి, నీళ్లు ఉరకలెత్తేలా రబ్బరు పడవల పార్కు కట్టే ముందు షెడ్డులో ఆమె ఓ చిన్న నమూనా నది చేసుకుంది. గులకరాళ్లు పేర్చి, చేపలు ఎదురెక్కడానికి పక్కన సన్నని దారి వదిలి, నీళ్లలో పొట్టు చల్లి, అది ఎటు కొట్టుకుపోతుందో గొంతుక్కూర్చుని చూస్తుంది. ఒడ్డున నిలబెట్టిన అగ్గిపెట్టె పల్లపు వీధిలోని వాళ్ల ఇల్లే. అది తడిస్తే పెదవి కొరుక్కుని రాళ్లు మళ్లీ సర్దుతుంది. "నీ ఆటల రాళ్లకి నీళ్లు ఎగదన్ని నా వంటింట్లోకి వచ్చాయో, చూస్కో!" అని అత్తగారు ముందే బియ్యం బస్తాలు అటకెక్కించింది. పార్కు తెరిచిన ఏడాదే వరద వచ్చింది. వీధి జనమంతా గుమ్మాల్లో నిలబడి నదినీ, ఈమెనూ మార్చి మార్చి చూశారు. ఆమె గుప్పెడు పొట్టు తెచ్చి నీళ్లలో చల్లింది. అది రాళ్లున్న చోట గిర్రున తిరిగి, ఒడ్డు వైపు రాకుండా నది నడిమికి పరుగెత్తింది. నీళ్లు గుమ్మం కింది మెట్టు దగ్గరే ఆగి, సాయంత్రానికి వెనక్కి తగ్గాయి. వీధంతా ఈలలు. "సంబరం చాల్లే అమ్మాయ్," అంది అత్తగారు నవ్వాపుకుంటూ. "ఆ బస్తాలు నువ్వే దించు." కోడలు నిచ్చెన తెచ్చింది.