స్టేజీ లేని చోట ఒక బెల్లు

దగ్గరికి జరిగి కూర్చోండి నాయనా, బస్సులో మాదిరి అరిచి చెప్పే ఓపిక నాకిప్పుడు లేదు. కండక్టరుగా నేను రిటైరయ్యే ముందు ఎండాకాలంలో ఆలూరు నుంచి కోసిగి పోయే ఆర్డినరీ బస్సు మీద డ్యూటీ పడింది. డ్రైవరు మద్దిలేటి. నాకన్నా చిన్నవాడు, అక్కా అనేవాడు.

మా పనిలో బెల్లుదే మాట. ఒకటి కొడితే బస్సు నిలపాలి, రెండు కొడితే కదలాలి. ఎందుకని డ్రైవరు అడగడు.

నేను ఆ డ్యూటీ ఎక్కక ముందే, అదే రూటులో మద్దిలేటి బస్సు కింద ఒక గొర్రెల కాపరి పోయాడు. మలుపులో గొర్రెపిల్ల కోసం రోడ్డు మీదికి ఉరికాడట. డ్రైవరు తప్పు లేదని విచారణలో తేలింది. డిపోలో బస్సును కడిగి, గుమ్మడికాయ పగలగొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి దిష్టి తీశాము. హారతి పళ్ళెం పట్టుకున్నది నేనే. మద్దిలేటిని మాత్రం ఎవరమూ ఏమీ అడగలేదు. అడగకపోవడమే మంచితనం అనుకున్నాము.

మేనేజరు మంచివాడే. మనసు నిబ్బరం చేసుకోమని ఏవో వీడియోలు ఫోనుకు పంపించాడు. క్యాంటీనులో తోటి డ్రైవర్లు, "ఏమప్పా, కేసు కొట్టేసినారు గదా, ఇంగా మొగం అట్ల పెట్టుకోనుండావే? బిర్యానీ తినిపీ" అని నవ్వించబోయేవాళ్ళు. అతనూ నవ్వేవాడు. ఆ మలుపు వచ్చేసరికి మాత్రం బస్సును నడక వేగానికి తెచ్చేవాడు.

ఒకరోజు, "అక్కా, స్టీరింగు ఇడ్సిపెట్టి గ్యారేజీలో బస్సులు కడిగే పనికి పోతా. రేపే అడుగుతా" అన్నాడు. వాళ్ళ నాయన లారీ తోలినవాడు. ఇతనికి చిన్నప్పటి నుంచి స్టీరింగే లోకం.

ఆ ట్రిప్పులోనే మలుపు దగ్గర ఒక బెల్లు కొట్టాను. నిలిపాడు.

"ఈడ స్టేజీ లేదు గదక్కా."

"లేదు. ఆ పొద్దు ఏం సూసినావో సెప్పు."

వెనక నుంచి ఒక ముసలమ్మ, "ఏం కండక్టరమ్మా, మమ్మల్ని ఈడనే ఉడకబెడతావా?" అని దెప్పింది.

మద్దిలేటి ఇంజను ఆపేశాడు. "గొర్రెపిల్లను సంకలో పెట్టుకోనే పడ్న్యాడక్కా. అది అరుస్తాండె. ఆయప్ప పేరేమో ఎవురూ నాకు సెప్పలే. అడిగితే మర్సిపో అంటారు. పేరు తెలీనోన్ని ఎట్ల మర్సిపోయేది?"

దెప్పిన ముసలమ్మే లేచి ముందుకొచ్చింది.

"బీరప్ప. మా ఊరోడే. శానా మొండోడు, గొర్రెలంటే పానం. ఆ పిల్ల బతికిందప్పా. మా ఈదిలోనే తిరుగుతాండాది."

ఆమె అతని భుజం మీద చెయ్యి వేసింది. మద్దిలేటి స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాడు. ఎవరూ ఊరుకోమనలేదు. అతనే కళ్ళు తుడుచుకుని అద్దంలో నా వైపు చూశాక రెండు బెల్లులు కొట్టాను.

కోసిగిలో కంట్రోలరు లేటెందుకని అడిగాడు. బండి బాగానే ఉంది, డ్రైవరుకే బాగలేదు అన్నాను. మద్దిలేటి గ్యారేజీకి పోలేదు. ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు అక్కడ బస్సు నెమ్మదించేది. అప్పుడు "బీరప్ప మలుపక్కా" అనేవాడు, నేను ఊఁ అనేదాన్ని.

కష్టం పడిన మనిషి ముందు ఆ మాట ఎత్తకపోవడం మర్యాద అనుకుంటాము. ఆ మర్యాద మన సుఖానికే. ఏమైందని అడగాలి, చెప్పేదాకా నిలవాలి. నా సర్వీసులో నేను నేర్చుకున్నది ఇది.

మీ పొయ్యి ఆరకుండా ఉండాలి నాయనా. మీ ఇంట్లో ఎవరి మొగం వాడినా, ఏమైందని అడిగే మనిషి పక్కనే ఉండాలి.