తల యాడుందో చూడు

గల్ఫ్‌లోని ఫహాహీల్‌లో నేను చేసిన ఉద్యోగం అమెరికన్ ఫుట్‌బాల్ వీడియోలు చూడటం. అమెరికాలోని ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్ళను ఎంచుకునేలోపు మేం వాళ్ళకు మార్కులు వేసి పంపాలి. నాకు సేఫ్టీలను అప్పగించారు. అందరినీ తప్పించుకుని బంతితో వచ్చేవాణ్ణి గుద్ది పడేసే ఆఖరి మనిషే సేఫ్టీ.

నా పక్క సీట్లో కడప నుంచి వచ్చిన అన్న కూర్చునేవాడు. వీడియోలో ఎవడు ఎవణ్ణి గుద్దబోయినా, ఆ క్షణానికి ముందే ఆపి, తన మెడ తడుముకునేవాడు. "తల యాడుందో చూడు" అనేవాడు.

ఒకరోజు ఒక సేఫ్టీ తల దించి దూసుకొచ్చి గుద్దాడు. బంతి పట్టినవాడి హెల్మెట్ ఎగిరిపోయింది, నోటి నిండా నెత్తురు. నేను పదికి పది వేశాను.

అన్న నా జుట్టు పట్టుకుని నుదుటిని బల్లకేసి కొట్టాడు. కళ్ళు బైర్లు కమ్మాయి.

"నొచ్చిందా మెడ? తల దించి గుద్దితే గుద్దినోని మెడే ఇరుగుతాది రా. మా తమ్ముడు కబడ్డీలో ఇట్లనే గుద్దినాడు. జనమంతా ఈలలేసిరి. వాడు మళ్ళ లేయనేలేదు."

నుదురు పట్టుకుని అడిగాను. "అట్లా గుద్దడం ఎవరు నేర్పారన్నా?"

అన్న నా పది కొట్టేసి సున్నా వేశాడు.

"నేనే" అన్నాడు.