పాయకరావుపేట బస్టాండులో పెద్దమ్మ

నవల రాయడమే కష్టమని చెప్పేవాళ్ళు ఒక్క పుస్తకమైనా సొంతంగా అచ్చు వేయించి ఉండరు. రాసినన్నాళ్ళూ నేను సుఖంగానే ఉన్నాను. అనకాపల్లిలో ఒక జూనియర్ కాలేజీ ఆఫీసులో ఉద్యోగం, సాయంత్రం ఇంటికొచ్చి కుక్కర్ పెట్టి, అది కూసేలోపు ఓ పేజీ రాసుకోవడం. ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడనిపిస్తోంది, అంతకు మించిన అదృష్టం లేదని. పూర్తయిందని నోరు జారిన రోజు నుంచే ఆ నవల నా చేతిలోంచి పోయింది.

అది మా పెద్దమ్మ కథ. అమ్మకి అక్క, బుచ్చయ్యపేట దగ్గర పల్లెలో ఉంటుంది. పెళ్ళైన కొత్తల్లోనే ఆవిడ భర్త పాయకరావుపేటలో ఇంకొకావిడతో కాపురం పెట్టేశాడు. పెద్దమ్మ కొన్నేళ్ళపాటు క్యారేజీ కట్టుకుని బస్సెక్కి వెళ్ళి అక్కడి బస్టాండులో కూర్చునేదట, ఆ దారిన వస్తాడేమో, పిలిస్తే ఇంటికొస్తాడేమో అని. తర్వాత వెళ్ళడం మానేసింది. పొలం కౌలుకి తీసుకుని చెరకు వేసింది. బెల్లం వండేచోట పొయ్యిలోకి పిప్పి ఎగదోసింది. ఇల్లు కట్టుకుంది. చాలా ఏళ్ళకి ఆయన ఒంట్లో బాగాలేక తిరిగొచ్చి అరుగు మీద కూర్చుంటే అన్నం పెట్టింది, చెయ్యి కడుక్కోడానికి నీళ్ళు పోసింది, "తిన్నావు గదా, ఇంక ఎల్లు" అంది. వెళ్ళిపోయాడు. ఊళ్ళో తిట్టినవాళ్ళు తిట్టారు, మెచ్చుకున్నవాళ్ళు మెచ్చుకున్నారు. ఆ తర్వాత మాత్రం ఆవిడతో ఎవరైనా ఆచితూచే మాట్లాడేవారు.

నవల రాస్తానంటే పెద్దమ్మ ఒక్కటే అడిగింది.

"రాసుకో. నానేడిసిందీ రాసుకో, సిగ్గునేకండా బస్టాండులో కూకున్నదీ రాసుకో. ఎల్లమన్నది మాత్రం ఒగ్గీకు."

వదిలెయ్యొద్దన్న ఆ మాటే నా చివరి అధ్యాయం, బస్టాండుకి వెళ్ళడం మానేసిన దగ్గర మొదలై దానితో ముగుస్తుంది. మిగతాదంతా ఎన్నిసార్లు దిద్దానో గానీ దాన్ని ఒక్కసారే రాశాను, ఆవిడ చెప్పినట్టే రాశాను.

అచ్చు గురించి నాకూ ఒక ప్రణాళిక ఉండేది. విజయవాడకీ హైదరాబాదుకీ పంపాలి, ఎవరైనా వేస్తే సరే, లేకపోతే నేనే వేసుకోవాలి. ఒక ప్రచురణకర్త ఉలకలేదు, పలకలేదు. ఇంకొకాయన ఫోన్ చేసి, సంభాషణలు అందరికీ అర్థమయ్యే భాషలోకి మార్చమన్నాడు. మా భాష అర్థం కావడానికి మేమేం సముద్రం అవతల ఉన్నామా అని ఒళ్ళు మండి, నేనే వేసుకుంటానని నిశ్చయించుకున్నాను. డీటీపీ అయ్యాక ప్రూఫులు జాగ్రత్తగా చూసుకుని, కొద్ది కాపీలు వేయించి, స్నేహితులకిచ్చి, లైబ్రరీలకి పంపాలి. మొదటి కాపీ పెద్దమ్మకి. సభలూ గిభలూ వద్దనుకున్నాను.

అప్పుడే మా బావ దిగాడు. అక్క భర్త, బెల్లం మార్కెట్లో కమీషన్ వ్యాపారం. మంచి మనిషి, వచ్చిన చిక్కంతా అదే. చెడ్డవాడైతే తలుపేసుకుని కూర్చునేదాన్ని.

"ఏటే పిల్లా, దొంగసరుకులాగ సప్పుడు సెయ్యకండా తెత్తావేటి పుస్తకం? మనిళ్ళల్లో ఎవులైనా పుస్తకం ఏసేరా? ఫంక్షన్ సెయ్యాల. నానున్నాను గదా!"

కాదనలేకపోయాను. నిజం చెప్పొద్దూ, కొంచెం సంబరంగా కూడా అనిపించింది.

మా వైపు ఏ పనికైనా ముందు ముహూర్తం, తర్వాతే పని. మూఢం వచ్చేస్తోందనీ, ఆలోపే పుస్తకావిష్కరణ అయిపోవాలనీ బావ పంతులుగారిని అడిగి వచ్చాడు. బావ పిలిచిన ముఖ్య అతిథికి ఖాళీ ఉన్నది మూఢానికి ముందు రోజొక్కటే. నా ప్రూఫులు ఇంకా సగంలో ఉండగానే హాలు బుక్కయింది, ఆహ్వాన పత్రికలు పంచేశారు, తొందరలో అట్ట కూడా ముందే అచ్చు వేయించేశారు. పెళ్ళికూతురు ఇంకా పుట్టకుండానే పందిరేసినట్టుంది వ్యవహారం.

ముందుమాట ఒక్కటే ఉండేది, నాకు చదువు చెప్పిన మాస్టారిది. బావ ఒక రిటైర్డు ప్రిన్సిపాల్‌గారిని అడిగాడు. ఆయన్ని అడిగారని తెలిసి సాహితీ సంఘం అధ్యక్షుడు అలిగాడు. ఆయన్నీ రాయమన్నారు. హాలు ఇప్పించిన డాక్టరుగారిని వదిలేస్తే బాగోదన్నారు. ముఖ్య అతిథి శుభాకాంక్షలు ఫొటోతో సహా సరేసరి. ఒక్కొక్కరూ నా గురించి నాలుగు ముక్కలు, తమ గురించి నాలుగు పేజీలు రాసిచ్చారు. నవల చదివి రాసింది మా మాస్టారొక్కరే.

ఆ వారం కాలేజీలో పరీక్షలు. డ్యూటీలో ఉన్నంతసేపూ ఫోన్ దగ్గరుండదు. ఆ వేళలోనే ప్రెస్సాయన బావకి ఫోన్ చేశాడట. ముందుమాటలతో పేజీలు పెరిగిపోయాయి, ఇంకో పదహారు పేజీల ఫారం ఎక్కించాలి, అట్ట వెన్ను మాత్రం పాత లెక్కకే అచ్చయింది, పట్టదు, ఏం చెయ్యమంటారని. బావ నాకు ఫోన్ చేశాడు, నేను తియ్యలేదు. సరుకు అమ్మకంలో అలవాటైన మనిషి కదా, అక్కడికక్కడే తేల్చేశాడు.

ఆ సంగతి నాకు తెలిసింది వేదిక మీద. ముఖ్య అతిథి రిబ్బను విప్పి పుస్తకం పైకెత్తి చూపించారు, ఫొటోలు తీశారు. నేను నా చేతిలోని కాపీ తిప్పి ఆఖరి పేజీ చూశాను. "బస్సులన్నీ వెళ్ళిపోయాయి. ఆమె క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది." అంతే, అక్కడితో ఆఖరు. ఆ తర్వాత ప్రెస్సు చిరునామా. పక్కకి తిరిగి బావని అడిగాను.

"ఊరుకోయే, నవ్వుతా ఉండు, ఫొటోలు తీత్తన్నారు," అన్నాడు. "ముందుమాట తీసేత్తే రాసిన మనిషి సభకి రాడు. సివర ముక్క తీసేత్తే ఎవులికి తెలుత్తాది? అక్కడ బాగానే ఆగింది గదా. రెండో ముద్రణలో ఏసేద్దాం."

ఆయన మొహంలో తప్పు చేసిన ఛాయలే లేవు. నాకు ఆయన్ని కొట్టాలన్నంత కోపం వచ్చింది.

కింద మొదటి వరసలో పెద్దమ్మ కొత్త చీర కట్టుకుని కూర్చుంది. నవలలో నాయిక ఈవిడేనని బావ మైకులో చెప్పి ఆవిడకి శాలువా కప్పించాడు. ఊళ్ళో పంచుకోమని ఒక కట్ట పుస్తకాలు ఇచ్చి, చీకటి పడకముందే కారులో పంపించేశాడు. నాకు మైకు ఇచ్చేసరికి ముఖ్య అతిథి కూడా వెళ్ళిపోయారు. ఈ పుస్తకంలో చివరి అధ్యాయం లేదు, ఇది నా నవల కాదు అన్నాను. ఎంత వినయం అని చప్పట్లు కొట్టారు.

మర్నాడు ప్రిన్సిపాల్‌గారు ఫోన్ చేశారు. ముగింపు పాఠకుడి ఊహకే వదిలెయ్యడం మామూలు రచయితల వల్ల కాదమ్మా అన్నారు. ముందుమాట రాసిచ్చాక ఇప్పుడు చదివినట్టున్నారు.

ఆదివారం చివరి అధ్యాయం జిరాక్సులు తీయించుకుని పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. పుస్తకాలు వెనక్కి తీసుకుని, ఒక్కో దాంట్లో ఆ కాగితాలు అతికించి ఇద్దామని నా ఆలోచన. ఆవిడ వీధరుగు మీద వేరుశనక్కాయలు ఒలుస్తోంది. నేను చెప్పులు విప్పుతుండగానే పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది.

"పుస్తకం మా కోడలు సదివి సెప్పింది పిన్నీ. పొద్దోయేదాకా కూకున్నా రానేదేటి ఆయన? ఎంత కట్టపడ్డావు పాపం!"

పెద్దమ్మ తలెత్తలేదు. "రానేదు," అంది. ఆవిడ లోపలికి పోయాక నేను కాగితాలు తీసి జరిగిందంతా చెప్పాను. ముందుమాటలూ, ఫారాలూ, అట్ట వెన్నూ, బావ చేసిన నిర్వాకమూ. పెద్దమ్మ కాయలు ఒలుస్తూనే విన్నది. కాగితాలు మాత్రం అందుకోలేదు.

"పుస్తకాలు అందరికీ పంచీసేను. సదివినోల్లు సదివేసేరు. ఇంక ఎంతమంది సెవుల్లో సెప్తావు? ఇన్నేల్లూ నన్నెవులూ జాలిగా సూడనేదే. ఇప్పుడు సూత్తన్నారు."

"నేను చెయ్యలేదు పెద్దమ్మా, బావ..."

"మీ బావ సేసేడు, ప్రెస్సోడు సేసేడు. ఆల్ల పేర్లు నాకెందుకు? అట్ట మీద పేరు నీదే గదా."