అత్త పని ఏ కొమ్మ కిందికొస్తుంది

మా మేనత్తది మదనపల్లె. ఒక మిషన్ ఆసుపత్రి కాన్పుల వార్డులో ఆయాగా చేరి, వయసు మీరి దిగిపోయేదాకా అక్కడే పనిచేసింది. డ్యూటీ అయ్యాక ఇళ్లకు వెళ్లి పసిబిడ్డలకు నీళ్లు పోసేది. పీట మీద కూర్చుని, కాళ్లు బారజాపి, బిడ్డను వాటిమీద బోర్లా పడుకోబెట్టి, నూనె పట్టించి, పిండి రుద్ది, వేన్నీళ్లు పోసి సాంబ్రాణి వేసేది. ఊరిని లేపేంత గట్టిగా ఏడ్చే బిడ్డ కూడా సాంబ్రాణి దగ్గరికొచ్చేసరికి నిద్రలో ఉండేది. నేనూ ఆ కాళ్ల మీద పెరిగినదాన్నే.

నా ఉద్యోగం కుప్పంలో. బెంగళూరుకు రైలుందని ఒక చిన్న కంపెనీ అక్కడ గది తీసుకుంది. ఇంటర్నెట్‌లో కొన్ని పేజీలుంటాయి, వాటి సైటుకే వెళ్లి, అక్కడి పెట్టెలో ఏదో ఒకటి టైపు చేసి అడిగితే తప్ప బయటికి రావు. మామూలుగా వెతికితే దొరకవు. మా ప్రోగ్రాం ఉద్యోగాల సైట్లకు వెళ్లి, ఆ పెట్టెల్లో తనే మాటలు నింపి, వచ్చిన ప్రకటనలన్నీ చదివి, ఏ పని ఏ పని కిందికొస్తుంది, ఏది దేనికి చుట్టం అని చెట్టులా గీస్తుంది. మావాళ్లు దాన్ని ఆంటాలజీ అంటారు. మనిషి చెయ్యి తగలకుండా గీయడమే దాని గొప్ప. ఇళ్లకు పనిమనుషులను పంపే ఏజెన్సీలు ఆ చెట్టును చూసే ఎవరిని ఏ పనికి పంపాలో తేల్చుకునేవి.

ఆసుపత్రి మానేసిన కొన్నాళ్లకు అత్త ఫోన్ చేసింది. "ఊరికే కూసోని తినేదానికి నాకు సాతకాదమ్మా. బెంగుళూర్లో యాడన్నా పసిబిడ్డలుండే ఇల్లు సూడు."

సంతోషంగా చెట్టు తెరిచాను. ఆయా పని ఇంటిపని కొమ్మకు వేలాడుతోంది. ఒక పక్క నేల తుడవడం, ఇంకో పక్క అంట్లు తోమడం. ఆయా కావాలన్న ప్రకటనల్లో ఆ రెండూ కూడా చెయ్యాలని రాసి ఉండేదట. బిడ్డకు నీళ్లు పోసే పని ఎక్కడా లేదు. ప్రోగ్రాం తప్పేమీ చేయలేదు, చదివిందే చెప్పింది. తప్పు చేసి ఉంటే ఇంత మండేది కాదు.

ఒక కొమ్మ నేనే అతికిస్తానని మా సీనియర్‌ను అడిగాను. ఆయనది శాంతిపురం. "ఈ పొద్దు నువ్వొకటి అతికిస్తే రేపు నేనొకటి అతికిస్తా. ఇంక ఆటోమేటిక్ అని ఎట్ల సెప్పుకునేది? ప్రకటనలుంటే అదే మొలుస్తాది లేమ్మా" అన్నాడు. ఆయన చెప్పిందీ న్యాయమే.

సరే, ప్రకటనలే కదా, వేయిద్దామని బయల్దేరాను. పుంగనూరులో మా చిన్నమ్మ కూతురికి కాన్పయింది. నీళ్లు పోసే మనిషి కావాలని సైటులో పెట్టమని చిన్నమ్మతో అన్నాను. నాకేదో గాలి సోకిందన్నట్టు చూసింది.

"దానికి సైటు యాలమ్మా? ఎదురింటి ఆయమ్మతో ఒక మాట అంటే మనిషి వస్తాది. మా ఇంట్లో పసిబిడ్డ ఉండాదని లోకమంతా సాటుకుంటామా? దిష్టి తగల్దా?"

ఆదివారం చర్చిలో ముందు వరస వదలని మనిషి దిష్టి అనేసరికి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతోసేపు ఉండలేదు. మదనపల్లెలోనూ కుప్పంలోనూ అడిగిన ప్రతి ఇంట్లో ఇదే మాట. పురుటింటి సంగతి చెవిలో చెప్పుకునేదే గానీ రాసి పెట్టేది కాదు. మా ప్రోగ్రాం ఎన్ని పెట్టెలు తట్టినా రాయనిదాన్ని ఎక్కడినుంచి తెస్తుంది?

ఈలోగా అత్త తొందరపెడితే ఆమె పేరు నేనే ఇంటిపని కొమ్మలో, నేల తుడవడం పక్కన ఎక్కించాను. పని దొరికింది. బెంగళూరులో ఒక ఫ్లాటు, ఇంటిపని. చిత్రమేమిటంటే ఆ ఇంట్లో నెలల బిడ్డ ఉంది. నీళ్లు పోయడానికి ఏదో ఆసుపత్రి నుంచి ట్రైనింగ్ అయిన అమ్మాయి రోజూ వచ్చేది.

"ఆ పిల్ల బాగనే పోస్తాదమ్మా, సెయ్యి మెత్తన" అని ఫోన్‌లో చెప్పింది అత్త. "నేను తలుపు కాడ నిలబడి సూస్తాండా. ఒక దినం, ఈ పూట నీళ్లు నేను పోద్దునా అని అడిగినా. మీది హౌస్‌కీపింగ్ కదా ఆంటీ అనింది. వాళ్లకట్లే సెప్పి పంపినారు, ఆ పిల్ల తప్పేముండాది?"

ఆమె నవ్వుతూనే చెప్పింది. మానేసి వచ్చేయమంటే వినలేదు. బిడ్డ ఏడుపు వినబడే ఇల్లయినా దొరికింది కదా అంది. ఆ నేలంతా గొంతుక్కూర్చుని గుడ్డతోనే తుడిచేది, కర్రతో తుడిస్తే ఆమెకు తృప్తి ఉండదు. మోకాళ్లు వాచిపోయి మదనపల్లెకు తిరిగొచ్చింది.

ఈమధ్య బెంగళూరు ఏజెన్సీలు పాతకాలపు పద్ధతిలో బిడ్డకు స్నానం, నూనె మర్దనా చేసేవాళ్లు కావాలని ప్రకటనలు మొదలుపెట్టాయి. ఒక ఉదయం చూస్తే చెట్టులో తల్లీబిడ్డల సంరక్షణ కింద కొత్త కొమ్మ మొలిచి ఉంది. ఎవరి చెయ్యీ తగల్లేదు. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో నాకు ఆ పూటే తెలిసింది.

అయినా చెప్పకుండా ఉండలేక మదనపల్లె బస్సెక్కాను. విని అత్త మొహం వెలిగిపోయింది. "అట్లనా! మన పనికీ ఒక సోటు పెట్టినారా!" అంటూ పీట లాక్కుని కూర్చోబోయింది. సగం వంగి గోడ పట్టుకుని ఆగిపోయింది. లేపి మంచం మీద కూర్చోబెట్టాను. కాళ్లు చాపబోయింది, మోకాళ్లు సాగలేదు.

"నా పేరు ఆడికి మార్సినావామ్మా?" అని అడిగింది.

మారిస్తే పిలుపులొస్తాయి. రాలేనని ప్రతి ఇంటికీ ఆమే చెప్పుకోవాలి.

"మార్చేశానత్తా" అన్నాను. ఆమె పేరు ఇప్పటికీ నేల తుడవడం పక్కనే ఉంది.